కెర్నెలు కొలువున దుభాషులు

మా పేట పఠనమందిరమున ఒక పాత కంప్యూటరు కలదు. దానిలో లైనక్సును నెలకొల్పినవాడను నేనే గనుక, అది చేసిన ప్రతి అల్లరికిని నేనే సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుచుండెను. ఆ అల్లరులలో ఒకటి మిక్కిలి వింతయైనది: నల్లని టెర్మినలు తెరపై వ్రాసినదంతయు తుడిచివేసి, తుడుచుటకు ఇంకేమియు మిగులకున్నను బ్యాక్‌స్పేసు మీటను మరియొకసారి నొక్కినంతనే, యంత్రగర్భమునుండి 'కీ'మని కర్ణకఠోరమైన ధ్వని వెలువడును, దినపత్రికలలో మునిగియున్న పెద్దలు తలలెత్తి నావంక చూతురు. స్పీకర్ల తీగ ఊడబెరికితిని, ధ్వని ఆగలేదు. ఏలయన అది స్పీకర్లది కాదు, మదర్‌బోర్డుపై అతికియున్న చిన్న బజ్జరుది. ఎట్టకేలకు సుడో అధికారముతో 'ఆర్‌ఎమ్‌మాడ్ పీసీఎస్‌పీకేఆర్' అను ఒక్క ఆజ్ఞను వ్రాసితిని. యంత్రమును ఆపకయే, తిరిగి ప్రారంభింపకయే ఆ గొంతు మూగవోయినది. మరునాటి ఉదయమున కంప్యూటరును ప్రారంభింపగానే యథాప్రకారము మరల కూసినది.

ఎందుకు మూగవోయెను, ఎందుకు మరల కూసెను అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినవానికి లైనక్సులో డ్రైవర్ల వ్యవహారము ముప్పాతిక తెలిసినట్లే.

డ్రైవరు అనగానే మనకు ఆర్టీసీ బస్సు స్ఫురించును. ఇచ్చట ఆ మాటకు దుభాషి యని అర్థము చెప్పుకొనుట మేలు. కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణపు కోటలో దొరకు దేశభాష రాదు, వర్తకునకు ఇంగ్లీషు రాదు. నడుమ దుభాషి లేనిదే బేరము సాగదు. కంప్యూటరునందు దొర కెర్నెలు. మెమరీని పంచిపెట్టుట, ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడువవలెనో నిర్ణయించుట, సమస్తము దాని యధికారమే. కాని ఫలానా వైఫై కార్డు ఏ సంకేతమునకు పలుకును, ఫలానా సౌండుకార్డు ఏ రిజిస్టరులో ఏ అంకె వ్రాసిన నోరు విప్పును అనునది దానికి తెలియదు. అది తెలిసినవాడు డ్రైవరు.

1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నెలును గూర్చి తొలిసారి లోకమునకు తెలిపినప్పుడు, తనయొద్ద నున్నవి అంతే గనుక ఏటీ తరగతి హార్డుడిస్కులను తప్ప మరి దేనిని అది ఎన్నటికిని ఆదరింపకపోవచ్చునని వినయముగా చెప్పుకొనెను. నేడు ఆ కెర్నెలు మూలగ్రంథమున సగమునకు మించిన భాగము డ్రైవర్లదే. ఇందరు దుభాషులను ఎల్లవేళల కొలువులో కూర్చుండబెట్టినయెడల మెమరీ వ్యర్థము. కావున వారిలో అధికసంఖ్యాకులు మాడ్యూళ్ల రూపమున డిస్కుపై ఒక విడిదిలో, ఆయా కెర్నెలు వెర్షను పేర వేర్వేరు గదులలో, నిరీక్షించుచుందురు. పిలుపు వచ్చినవాడు లోపలికి పోవును. పని తీరిన పిమ్మట పంపివేయవచ్చును. పఠనమందిరమున నేను చేసినది ఆ పంపివేయుటయే.

మరి పిలుపు ఎట్లు వచ్చును? నాకు మిక్కిలి ముచ్చటగొలుపు ఘట్టమిది. పీసీఐ మార్గమున తగిలించిన ప్రతి పరికరమునకును మనవలెనే ఇంటిపేరును పేరును కలవు. కాకున్న రెండును అంకెలే. ఇంటిపేరు తయారీదారుది, పేరు ఆ నమూనాది. ఇంటెల్ సంస్థ ఇంటిపేరు 8086, తన ప్రఖ్యాతమైన ప్రాసెసరు సంఖ్యయే. ప్రతి మాడ్యూలును తాను ఏయే ఇంటిపేర్లవారికి, ఏయే పేర్లవారికి మాట సాయము చేయగలదో తనలోనే వ్రాసిపెట్టుకొనును. ఆ జాబితాలన్నింటిని డెప్‌మాడ్ అను ప్రోగ్రాము ఒక్క పట్టికగా కూర్చును. క్రొత్త పరికరము కంటబడగానే కెర్నెలు దాని పేరు చాటును, యూడెవ్ అను ప్రోగ్రాము ఆ చాటింపు వినును, మోడ్‌ప్రోబ్ అను మరియొకటి పట్టిక చూచి తగినవానిని తోడితెచ్చును. ఈ మోడ్‌ప్రోబ్ బుద్ధిమంతుడు: తాను తెచ్చువానికంటె ముందు రావలసినవారు ఉన్నయెడల వారిని గూడ వెంటబెట్టుకొని వచ్చును. ఇన్స్‌మాడ్ అను ఆజ్ఞకు ఆ వివేకము లేదు. చేతికిచ్చిన ఫైలును లోపలికి త్రోయుటయే దానికి తెలియును. కంప్యూటరును ప్రారంభించిన ప్రతిసారియు ఈ తంతు మొదటినుండి జరుగును గనుకనే, ముందునాడు నేను వెళ్ళగొట్టినవాడు ప్రొద్దున మరల కొలువులో నుండెను.

దుభాషి పోలిక ఒక్కచోట చెల్లదని ఒప్పుకొనవలెను. కోటలోని దుభాషి తప్పు పలికినయెడల ఒక బేరము చెడును. లైనక్సులో డ్రైవరు కెర్నెలుతో ఏకాసనమున కూర్చుండును గనుక వాని తప్పునకు సమస్త రాజ్యమును కుప్పకూలవచ్చును. డ్రైవర్లను కెర్నెలునకు వెలుపల నుంచుటయే క్షేమమని 1992 జనవరిలో ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు టోర్వాల్డ్సుతో బహిరంగముగా వాదించెను. శాస్త్రదృష్టిచే ఆచార్యుని పక్షమున బలము లేకపోలేదు. కాని లోకము టోర్వాల్డ్సు కెర్నెలునే వాడుకొనినది.

పరికరము పలుకనప్పుడు మనవారు చేయు మొదటి తప్పు, ఎవరో ఎక్కడనో చెప్పిన ఆజ్ఞలను అర్థము తెలియకయే వల్లించుట. అంతకుముందు 'ఎల్‌ఎస్‌పీసీఐ -కె' అని అడిగిచూడవలెను. ప్రతి పీసీఐ పరికరము క్రిందను, ప్రస్తుతము దానితో మాటలాడుచున్న డ్రైవరెవరో ఒక పంక్తిలోను, మాటలాడగల మాడ్యూళ్లెవ్వో మరియొక పంక్తిలోను కనబడును. మొదటి పంక్తియే లేనియెడల దుభాషి రాలేదని యర్థము. వచ్చియు పరికరము పలుకదేని డీమెసేజ్ అను ఆజ్ఞతో కెర్నెలు సందేశములను చదువవలెను. అందు తరచుగా వినబడు మొర, ఫర్మ్‌వేరు దొరకలేదని. నేటి పరికరములు పెక్కు తమలో ఒక చిన్న మెదడును మోయుచున్నవి. దానికి కావలసిన ప్రోగ్రామును డ్రైవరే తెచ్చి అందీయవలెను. అట్టిచోట డ్రైవరును మార్చి ప్రయోజనము లేదు, ఫర్మ్‌వేరు ప్యాకేజీని తెచ్చుకొనిన చాలును.

ఒకే ఆసనమునకు ఇద్దరు దుభాషులు పోటీపడుట వేరొక చిక్కు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పుల కథ ఇందుకు ప్రసిద్ధము. ఆ సంస్థ చాలకాలము తన చిప్పుల వివరములను లైనక్సువారికి వెల్లడింపలేదు. అంతట ఔత్సాహికులు రెండు జట్లుగా విడివడిరి. ఒక జట్టువారు ఉన్న డ్రైవరు నడకను శోధించి చిప్పు స్వభావమును వివరించి వ్రాయగా, రెండవ జట్టువారు ఆ వివరణమును మాత్రమే చూచి స్వతంత్రముగా డ్రైవరును రచించిరి. ఆ పరిశ్రమ ఫలము నేడు బీ43 పేర కెర్నెలులో నున్నది. సంస్థయు డబ్ల్యూఎల్ అను తన డ్రైవరును, ముఖ్యభాగము మూసియుంచియే, వెలువరించెను. 4312 వంటి చిప్పునకు ఈ ఇరువురును పలుకగలరు. కాని ముందు వచ్చినవాడు చిప్పును పట్టుకొనగా రెండవవాడు రిక్తహస్తములతో నిలుచును. 2010లో ఆ సంస్థయే తన క్రొత్త చిప్పులకు మూలము తెరచిన డ్రైవరును విడుదల చేసినది. లైనక్సు కష్టమని మన మనుకొను దానిలో పెద్దపాలు, నా యెరుకలో, లైనక్సుది కాదు. తన చిప్పు ఏమి పలుకునో చెప్పుటకు ఒప్పని తయారీదారుది.

పోటీదారులలో ఒకని వారించుటకు ఈటీసీ ఫోల్డరులో మోడ్‌ప్రోబ్.డి అను చోటు కలదు. అందు 'కాన్ఫ్' అను తోకగల ఫైలు నొకదానిని సృజించి, 'బ్లాక్‌లిస్ట్' అను మాట ప్రక్కన మాడ్యూలు పేరు వ్రాయవలెను. తోక మరచినయెడల మోడ్‌ప్రోబ్ ఆ ఫైలు మొగమైనను చూడదు. దానికై ఒక రాత్రి నిద్ర పోగొట్టుకొనినవారిలో నేనొకడను. బ్లాక్‌లిస్టు సంపూర్ణబహిష్కారము గాదు. పరికరము పేరు విని స్వయముగా వచ్చుటనే అది ఆపును. వేరొక మాడ్యూలు తనకు కావలెనని పిలిచినయెడల వాడు వెనుకద్వారమున వచ్చును. ఇంకొక మెలిక: కంప్యూటరు మేల్కొను తొలిక్షణములలో ఉపయోగించు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న మూటలో ఈ ఫైళ్ల పాత నకలు మిగిలియుండును. ఉబుంటు, డెబియన్లలో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు' అని ఆ మూటను తిరిగి కట్టింపవలెను.

ఆ మోడ్‌ప్రోబ్.డి యందే డ్రైవరునకు నియమములును విధింపవచ్చును. కొన్ని ల్యాప్‌టాపులలో పాట మొదలగునప్పుడెల్ల 'టప్'మను చప్పుడు వినవచ్చును. విద్యుత్తు ఆదాకై సౌండు చిప్పు నిదురించి లేచుచుండుటయే దానికి తరచుగా కారణము. 'ఆప్షన్స్' అని మొదలిడి, ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ అను మాడ్యూలునకు పవర్_సేవ్ విలువ 0 అని వ్రాసిన అది నిదురింపదు. ఏ మాడ్యూలు ఏయే నియమములకు లోబడునో మోడ్‌ఇన్‌ఫో చెప్పును.

పఠనమందిరపు కంప్యూటరులో నేను వ్రాసినది రెండే పంక్తులు. రెండవది పీసీఎస్‌పీకేఆర్‌ను వారించు ఆజ్ఞ. దానిపైన # గుర్తుతో మొదలగు మొదటిది, తేదీయు కారణమును. మీరును ఆ ఫోల్డరులో చేయిపెట్టినప్పుడు ఆ పై పంక్తిని వ్రాయుట మరువకుడు. మూడేండ్ల తరువాత ఆ యంత్రమును విప్పువాడు మీరే కావచ్చును.