గుడ్డ రాపిడి నుంచి బంగారు రేణువు దాకా

ఎల్‌సీడీ తెర చరిత్ర చెప్పేవాళ్లు రసాయనాల గురించి, విద్యుత్తు గురించి ఎక్కువగా చెబుతారు. ఆ తెరకు ప్రాణం పోసిన గుడ్డ రాపిడి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ కొలెస్టరిల్ బెంజోయేట్‌ను వేడి చేశారు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మసకగా మారింది, 178.5 దగ్గర తేటపడింది. నీళ్లలా పారే ఆ మసక ద్రవానికి స్ఫటిక లక్షణాలున్నాయని భౌతిక శాస్త్రజ్ఞుడు ఒట్టో లేమన్ గుర్తించారు. అదే ద్రవ స్ఫటికం. దాని అణువులు సన్నని పుల్లల్లాంటివి. పక్కపక్కనే ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. కానీ వాటి మానాన వదిలేస్తే ఒక్కోచోట ఒక్కో దిక్కు. గాజును ఒకవైపుగా రుద్దితే అణువులన్నీ ఆ దిక్కుకే పడుకుంటాయని 20వ శతాబ్దపు తొలి సగంలోనే తెలిసింది.

ఆ కిటుకు లేకపోతే 1970లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ స్విట్జర్లాండ్‌లో పేటెంట్ కోరిన తెర లేదు. ఒక గాజును నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా రుద్ది మధ్యలో ద్రవ స్ఫటికం నింపితే, అణువుల వరుస మెలితిరిగి కాంతినీ తనతో మెలితిప్పుతుంది. విద్యుత్తు ఇస్తే అణువులు లేచి నిలబడతాయి, ఆ మెలిక విడిపోయి వెలుగు ఆగిపోతుంది. 1973లో ఇంగ్లండ్‌లోని హల్ నుంచి జార్జ్ గ్రే బృందం గది వేడిమికి తట్టుకునే ద్రవ స్ఫటికాలు అందించాక గడియారాలకు, క్యాలిక్యులేటర్లకు దారి దొరికింది.

ఫ్యాక్టరీలో గాజుకు పాలిఇమైడ్ పొర పూసి, మఖమల్ లాంటి గుడ్డ చుట్టిన రోలర్‌తో రుద్దుతారు. ధూళి రేణువు కూడా ఉండకూడని గదిలో ఆ రాపిడే నూగు రాలుస్తుంది, స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. ఇంత సున్నితమైన యంత్రానికి ఇంత మోటు పని నాకెప్పుడూ ఆశ్చర్యమే. రుద్దకుండా, ధ్రువిత కాంతితో అణువులను అమర్చే పద్ధతులూ వచ్చాయి.

ఇక ద్రవంలోనే లోహ రేణువులు కలిపే దారి. 2002లో జపాన్‌లో షున్సుకే కొబయాషి బృందం ద్రవ స్ఫటికంలో పల్లాడియం నానో రేణువులు కలిపి, విద్యుత్తు ఫ్రీక్వెన్సీకి కూడా స్పందించే తెర చేసింది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో టోర్‌స్టెన్ హెగ్‌మన్ బృందం 2008లో ప్రకటించిన ఫలితం ఇంకా విచిత్రం. కొన్ని నానోమీటర్ల బంగారు రేణువులకు కార్బన్ గొలుసులు తొడిగి ద్రవంలో కలిపారు. రేణువులు గాజు ఉపరితలాలకు చేరితే, పడుకోబెట్టడానికి రుద్దిన గాజు మీదే అణువులు నిటారుగా నిలిచాయి. వేడినీ విద్యుత్ క్షేత్రాన్నీ మార్చి, ఒకే ద్రవం రెండు వేర్వేరు ద్రవాల్లా ప్రవర్తించేలా చేయగలిగారు. గుడ్డ బయటి నుంచి ఇచ్చిన ఆజ్ఞను బంగారం లోపలి నుంచి మార్చేసింది!

హెగ్‌మన్ తర్వాత అమెరికాలోని కెంట్ స్టేట్‌కు వెళ్లారు. అక్కడ నానో రేణువులను ఇంక్‌జెట్ ప్రింటర్‌తో గాజు మీద అచ్చువేసే ప్రయోగాలు జరిగాయి. రుద్దడం లేకుండానే, కోరిన చోట కోరిన ఆకారంలో అమరికను గీయవచ్చు. అసలు చిక్కు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టడం. ముద్దకడితే ఆ చోట అమరిక చెదిరి తెర మీద మచ్చ పడుతుంది. అందుకే పరిశోధకుల శ్రద్ధ బంగారం మీద కంటే దానికి తొడిగే గొలుసుల మీదే ఎక్కువ.