మంచం కొనేముందు, మొక్క కొనేముందు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు కొత్త కాపురానికి కావాల్సిన మంచం, బీరువా ఒకప్పుడు సారెతో పాటే వచ్చేవి. పెద్దవాళ్లే కలప చూసి, బేరమాడి, ఊరి వడ్రంగి చేత చేయించేవారు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరే ఓ ఆదివారం బండి మీద బయల్దేరి నాలుగు ఫర్నిచర్ షాపులు తిరుగుతున్నారు. వచ్చేటప్పుడు రోడ్డు పక్క నర్సరీలో ఆగి మొక్కలూ కుండీలూ తెచ్చుకుంటున్నారు. వాడుకునేవాళ్లే ఎంచుకోవడం మంచి మార్పు. కానీ కలపను చూసి పోల్చుకునే నేర్పు పెద్దవాళ్లతోనే ఆగిపోయింది. టేకు అడవుల పక్కనే పుట్టి పెరిగినవాళ్లు కూడా షాపులో రంగు చూసి, పాలిష్ చూసి టేకు అనుకుని కొనేస్తున్నారు.

ఇక్కడి అడవుల్లో టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు పుష్కలం. ఒక్క కిన్నెరసాని అభయారణ్యమే 635 చదరపు కిలోమీటర్లు. అలాగని షాపులో కనిపించే టేకంతా ఇక్కడిదే అనుకోనక్కర్లేదు. అటవీ శాఖ డిపోల్లో వేలం వేసే కలప కొంత, రైతులు గట్ల మీద పెంచినది కొంత, ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల నుంచి ఓడల్లో దిగుమతయ్యేది కొంత. దారి పొడవునా కనిపించే జామాయిల్, సుబాబుల్ తోటలు మాత్రం మంచాల కోసం కాదు. వాటిలో చాలావరకు గోదావరి ఒడ్డున సారపాకలో ఉన్న ఐటీసీ పేపరు మిల్లుకు పోతాయి.

టేకును గుర్తుపట్టాలంటే పాలిష్ తగలని చోటు చూడాలి. మంచం కింది పట్టీ, సొరుగు వెనక చెక్క, బీరువా అడుగుభాగం అందుకు సరైన చోట్లు. కోసిన అంచు మీద వలయాల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏటా ఎదుగుదల మొదలయ్యేటప్పుడు టేకులో పెద్ద రంధ్రాలు వరసగా ఏర్పడతాయి, ఆ వరసలే ఈ గీతలు. లోపలి భాగం బంగారు ఛాయ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, అదే చేవ. కొత్తగా చిత్రిక పట్టిన చోట వేలితో రాస్తే కాస్త నూనె తగిలినట్టుంటుంది. చెదలను దూరంగా ఉంచేది ఈ చేవలోని సహజ పదార్థాలే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ శక్తి లేదు. లేత చెట్లలో, తొందరగా పెంచిన తోటల టేకులో తెల్ల చెక్క పాలు ఎక్కువ. రంగు పూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి “టేకేనా అన్నా?” అని అడిగితే చాలదు, “ఇందులో చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత?” అని అడగాలి.

కలప ఎంత మంచిదైనా పచ్చిగా ఉంటే లాభం లేదు. ఈ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, జులై వచ్చేసరికి గాలంతా చెమ్మే. ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. సరిగా ఆరని కలపతో చేసిన తలుపు మొదటి వేసవికే నెర్రె విచ్చి, వానాకాలంలో గడపకు పట్టేస్తుంది. ఫర్నిచర్ కలపలో తేమ 12 శాతానికి అటూ ఇటూగా ఉండాలి. అది కొలిచే చిన్న మీటరు కొన్ని షాపుల్లో ఉంటుంది, చూపించమని అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. అతుకులు కూడా చూడాలి. బెజ్జం తొలిచి చెక్కను చెక్కలోకి దించిన అతుకు ఈ మార్పులను తట్టుకుంటుంది. మేకులు కొట్టి అతికించినది రెండు మూడేళ్లకే కదలడం మొదలెడుతుంది.

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ సామాను చవక, చూపుకు అందం. నీళ్లు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. స్లాబు కారే ఇంటికి, వంటింటి సింకు కిందికి అది పనికిరాదు.

వడ్రంగి చేత చేయించుకునేవాళ్లు కలప కాగితాలు కూడా చూసుకోవాలి. దుంగలు, కోసిన సైజులు తీసుకెళ్లాలంటే 1970 నాటి రవాణా నిబంధనల ప్రకారం పర్మిట్ ఉండాలి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం అంచు దాటితే ఎటపాక, అంటే పక్క రాష్ట్రం. ఏ రాష్ట్రం నుంచి తెచ్చినా బిల్లు, పర్మిట్ లేని కలప ఎంత చవగ్గా దొరికినా ముట్టకపోవడమే మేలు. అడవిలో దొంగచాటుగా నరికిన చెట్టుకు గిరాకీ కల్పించేది ఆ చవక బేరమే.

వెదురు సంగతి వేరు. అడవిలో పెరిగే వెదురు మీద 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీలకు హక్కిచ్చింది. సొంత భూమిలో పెంచిన వెదురును నరకడానికి ఉన్న ఆంక్షలను భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ తొలగించింది. కోయ పల్లెల్లో, మేదరుల ఇళ్లలో తయారయ్యే బుట్టలు, చాటలు, తడికెలకు తోడు ఇప్పుడు వెదురు కుర్చీలు, స్టాండ్లు కూడా అమ్మకానికి వస్తున్నాయి. వాటికి ప్రధాన శత్రువు పుచ్చు పురుగు. వెదురులోని పిండి పదార్థం కోసమే అది తొలుస్తుంది. నీళ్లలో రోజుల తరబడి నానబెట్టినా, బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో ముంచినా ఆ బెడద తగ్గుతుంది. కొనేటప్పుడు గణుపుల దగ్గర సూదిమొన లాంటి రంధ్రాలు, కింద తెల్లని పొడి రాలి ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే ఆ కుర్చీని అక్కడే వదిలేయాలి.

నర్సరీల్లోని రంగురంగుల మొక్కల్లో చాలావరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. పూలు చూసి కొనడం అందరూ చేసేదే, చూడాల్సింది వేళ్లు. కవరు అడుగు నుంచి బయటికొచ్చి, లోపల గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లున్న మొక్క నాటాక కూడా సరిగా సాగదు. నీడ పందిట్లో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే మిద్దె మీద ఎండలో పెడితే ఆకులు మాడతాయి. వారం పది రోజులు నీడలో ఉంచి, నెమ్మదిగా ఎండకు అలవాటు చేయాలి.

పెరట్లో చోటుంటే కుండీ మొక్కలతో పాటు ఒక వేపో, కానుగో, నేరేడో కొనడం మంచిది. ఖమ్మం దగ్గరి రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య, జానమ్మ దంపతులు జీవితమంతా చెట్లు పెంచే పనికే ధారపోశారు. సైకిల్ మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకుని తిరుగుతూ నాటిన రామయ్యను జనం వనజీవి అని పిలుచుకున్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

నాటడానికి జూన్, జులై వానలు సరైన అదను. నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి గుంతలో ఇసుక, పశువుల ఎరువు కలపాలి. ఎర్రచెలకలో ఎరువు పాలు పెంచి, మొదటి వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, రెండు మూడు రోజులకోసారి సాయంత్రం పూట నీళ్లు పోయాలి.