పాత సామానుతో కొత్త కాపురం

బదిలీ ఉత్తర్వు రాగానే మన బ్యాంకు ఇళ్లలో మొదట వేసే లెక్క లారీ ఖర్చు. సామాను మోసుకెళ్లాలా, అక్కడే కొనుక్కోవాలా? మావారికి విశాఖ నుంచి జంషెడ్‌పూర్‌ బదిలీ అయినప్పుడు అబ్బాయి ఇంటర్‌ మధ్యలో ఉన్నాడు. వాణ్ణి అత్తగారి దగ్గర ఉంచి, సామానంతా వాళ్లకే వదిలి వచ్చాం. ఒకటే జీతం, రెండు వంటిళ్లు, రెండు కరెంటు బిల్లులు. వాడి ఇంజనీరింగు చదువు కోసం కడుతున్న రికరింగ్‌ డిపాజిట్‌ను మాత్రం కదపకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అందుకే ఇక్కడి ఇంటిని చాలావరకు పాత సామానుతోనే అమర్చుకున్నాం. అలాంటి అవసరం మీకూ రావచ్చు కనుక, నాకు తెలిసింది చెబుతాను.

ఎక్కడ దొరుకుతాయి?

టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ పల్లె దగ్గర వెలసిన ఈ ఊరికి 1919లో జంషెడ్‌పూర్‌ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు తరాల కిందటే ఇక్కడికి పనికి వచ్చారు. ఉద్యోగి రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్ల సంసారం చిన్న ఫ్లాటులో పట్టదు. అప్పుడు బీరువాలు, మంచాలు, ఇత్తడి గిన్నెలు అమ్మకానికి వస్తాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్లినప్పుడు నలుగురి చెవిన వేశాను. నెల తిరగకుండా బీరువా, మంచం, ఆవకాయ జాడీ దొరికాయి.

ఎలా చూసి కొనాలి?

చెక్క సామానును బోర్లించి అడుగు భాగం చూడండి. సన్నటి రంధ్రాలు, కింద రాలిన పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టే. ఇనుప బీరువాకు తుప్పు అడుగునే మొదలవుతుంది. తలుపు ఒత్తిడి లేకుండా మూసుకుంటోందో లేదో, తాళం రెండు మూడుసార్లు తిప్పి చూడండి.

జాడీని వేలితో కొడితే ఖంగుమనాలి. నీళ్లు పోసి రాత్రంతా కాగితం మీద ఉంచండి. పొద్దున కాగితం తడిస్తే బీట ఉన్నట్టు. లోపలి నునుపు పూత పగిలినా, పెచ్చులూడినా అందులో పచ్చళ్లు పెట్టకండి. ఉప్పు డబ్బాగా కూడా వద్దు, పూలకుండీగా వాడుకోండి. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పోయి ఉంటే, మళ్లీ పూయించే దాకా చింతపండు పులుసు కాచకూడదు.

గ్యాసు ట్యూబు, రెగ్యులేటరు, హెల్మెట్‌, పరుపు, గీతలు పడ్డ నాన్‌స్టిక్‌ పెనం ఎంత చవకైనా పాతవి కొనవద్దు.

కరెంటు వస్తువులకు వేరే లెక్క

వీటి ధర కొన్న రోజుతో అయిపోదు. ఉదాహరణకు పాత ఫ్రిజ్‌ 4,000 రూపాయలు, ఏడాదికి 450 యూనిట్లు కాలుస్తుందనుకుందాం. కొత్తది 15,000, 200 యూనిట్లు. యూనిట్‌ 6 రూపాయలైతే పాతదానికి ఏడాదికి 1,500 అదనం. మూడేళ్లలో బదిలీ అయ్యేవారికి ఆ అదనం 4,500 మాత్రమే, ధరలో మిగిలింది 11,000. పదేళ్లు వాడేవారికి మాత్రం కొత్తదే లాభం.

ఫ్యానుకు ఇది తిరగబడుతుంది. మామూలు ఫ్యానుకు, బీఎల్‌డీసీ ఫ్యానుకు 40 వాట్ల దాకా తేడా ఉంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్లు, అంటే 108 రూపాయలు. అందుకే మేం ఫ్రిజ్‌ పాతది, ఫ్యాన్లు కొత్తవి కొన్నాం.

చలి బట్టలు

కోస్తా నుంచి వచ్చేవారి దగ్గర స్వెట్టర్లు ఉండవు. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు గట్టిగానే వణికిస్తాయి. పిల్లల స్వెట్టర్లు చినిగే లోపే చిన్నవైపోతాయి. తెలిసినవారి ఇళ్లలో అడిగి తీసుకోవడం చిన్నతనం కాదు. మీ పిల్లలవి మరొకరికివ్వండి. పాత నేత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టిస్తే మంచి బొంత అవుతుంది.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఫోనులో ప్రకటన చూసి కొనేటప్పుడు వస్తువు చూడకుండా అడ్వాన్సు పంపకండి. మీరు అమ్మేటప్పుడు ‘డబ్బు పంపుతాను, క్యూఆర్‌ స్కాన్‌ చేసి పిన్‌ కొట్టండి’ అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌ అక్కర్లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు తప్పక చెప్పండి.

చివరిగా, పాతది కొని మిగిల్చిన డబ్బును ఆ రోజే పక్కన పెట్టాలి. లేకపోతే అది కూరల సంచిలోనే కలిసిపోతుంది. నెలకు 1,500 పక్కన పెడితే ఐదేళ్లకు అసలే 90,000, వడ్డీ అదనం. మా అబ్బాయి డిపాజిట్‌ ఒక్క నెల కూడా ఆగలేదు. రేపు ఇక్కడి నుంచి బదిలీ వస్తే బీరువా, మంచం కొన్న ధరకు కాస్త అటూఇటూగా మరో ఇంటికి వెళ్తాయి. జాడీ మాత్రం మాతోనే వస్తుంది.