టేబుల్ సా గార్డు విప్పేస్తే పోయేది వేలే కాదు, పరిహారం కూడా

పది అంగుళాల రంపం బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని అంచున ఉన్న పళ్లు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్టు లెక్క. చెయ్యి జారిందని మెదడు గుర్తించి వెనక్కి లాక్కోవడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. 40 పళ్ల బ్లేడైతే ఆ కాస్త సమయంలోనే 500కు పైగా పళ్లు అక్కడి నుంచి వెళ్లిపోతాయి. అందుకే ఈ మిషన్ దగ్గర "జాగ్రత్తగా ఉంటే చాలు" అన్న మాట నిలబడదు. చెయ్యి బ్లేడు దాకా వెళ్లకుండా మిషన్‌కే ఏర్పాటు ఉండాలి.

ఆ ఏర్పాటు చాలా మిషన్లతో కంపెనీ నుంచే వస్తుంది. కానీ చాలా షాపుల్లో పనికి అడ్డమని ముందుగా విప్పి మూలన పడేసేది దాన్నే. నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా లాంటి మండల కేంద్రాల్లో తలుపులు, కిటికీలు చేసే ఇద్దరు ముగ్గురి షాపైనా, మీ ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్‌లు చేస్తున్న కార్పెంటర్ల బృందమైనా ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

చెక్క ఎందుకు వెనక్కి ఎగురుతుంది?

బ్లేడు ముందు భాగంలో పళ్లు కిందికి దిగుతాయి కాబట్టి చెక్కను బల్లకేసి నొక్కుతాయి. వెనక భాగంలో అవే పళ్లు పైకి లేస్తాయి. కోసిన చెక్క కొంచెం మూసుకుపోయినా, పక్కకు తిరిగినా వెనక పళ్లకు తగులుతుంది. అవి దాన్ని పైకి లేపి, నిలబడ్డ మనిషి మీదికి విసిరేస్తాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చెక్క పొట్టకు తగిలితే ఒక ప్రమాదం. దాన్ని నెడుతున్న చెయ్యి పట్టు తప్పి బ్లేడు మీద పడటం ఇంకా పెద్ద ప్రమాదం. పచ్చి ఆరని టేకు, మెలి తిరిగిన వేప కోసేటప్పుడు ఈ ముప్పు ఎక్కువ. పాత గుమ్మాలు, పాత దూలాలు కోసేవాళ్లకు లోపల దాగిన మేకులతో మరో తలనొప్పి.

దీనికి విరుగుడు బ్లేడు వెనకే, దాని వరుసలోనే నిలబడే ఒక ఇనుప రేకు. పేరు రివింగ్ నైఫ్. కోసిన చీలిక మూసుకోకుండా, చెక్క వెనక పళ్ల మీదికి జరగకుండా అది ఆపుతుంది. బ్లేడు పైన కప్పులా ఉండే గార్డు వేళ్లను దూరంగా ఉంచుతుంది. ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు చేసిన నిబంధనల్లో గుండ్రటి రంపానికి ఈ రెండూ ఉండాలనీ, సన్న ముక్కలు నెట్టడానికి తోపుడు కర్ర ఇవ్వాలనీ ఉంది. కానీ 1948 నాటి ఆ చట్టం వర్తించేది కరెంటు వాడే చోట పది మంది పనిచేస్తేనే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. ముగ్గురు పనిచేసే షాపుకు తనిఖీ అధికారి వస్తాడని ఎదురుచూడటం దండగ.

తిరగేసిన కట్టర్ సంగతేంటి?

అసలు టేబుల్ సా కొనే స్తోమత లేక చాలామంది ఒక ప్లైవుడ్ పలకకు గాడి కోసి, చేతితో పట్టుకునే చిన్న మార్బుల్ కట్టర్‌ను కింద తలకిందులుగా బిగిస్తారు. స్విచ్‌ను లాక్ చేసి వదిలేస్తారు. అపార్ట్‌మెంట్ ఇంటీరియర్ పనుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బ్లేడు చిన్నది కదా, భయం లేదనుకుంటారు. నాలుగంగుళాల కట్టర్ నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది. అంచు వేగం గంటకు 250 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే పెద్ద మిషన్ కంటే ఎక్కువే. పైగా దానికి రివింగ్ నైఫ్ ఉండదు, పై గార్డు ఉండదు, చేతికి అందేలా ఆపే స్విచ్ కూడా ఉండదు. మీ ఇంట్లో పని జరుగుతుంటే ఆ బల్ల కింద ఏముందో ఒకసారి వంగి చూడండి. మిషన్ అద్దె కోసం కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వడం నయం.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. మిషన్ నడుస్తుండగా కరెంటు పోతుంది, స్విచ్ ఆపకుండా టీకి వెళ్తారు. తిరిగొచ్చి బ్లేడు దగ్గర ముక్క తీస్తుంటే కరెంటు వస్తుంది. కరెంటు పోగానే తనంతట తాను ఆఫ్ అయి, మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా కదలని స్టార్టర్ పెడితే ఈ గొడవే ఉండదు. పొలం మోటారుకు వాడే ఆటో స్టార్టర్ దీనికి సరిగ్గా రివర్స్. రంపానికి దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు.

పని చేసేటప్పుడు?

బ్లేడు చెక్క పైకి ఒక పన్ను ఎత్తు వరకు కనిపిస్తే చాలు. నిలబడేది బ్లేడుకు ఎదురుగా కాదు, కొంచెం పక్కకు. గైడ్ ఆనుకోకుండా ఉత్త చేతులతో కోయకూడదు. బ్లేడుకు జానెడు దూరంలోపు చేతులు వెళ్లాల్సి వస్తే తోపుడు కర్ర తీసుకోవాలి. షాపులోనే పారేసే ముక్కతో దాన్ని చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. గ్లౌజులు వేసుకుంటే రక్షణ అనుకుంటారు గానీ, ఇక్కడ అవే ప్రమాదం. దారం పోగు పళ్లకు చిక్కితే చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. భుజం మీద తువ్వాలు, చేతికి కట్టిన దారాలు, కడియం కూడా అంతే. ఆఫ్ చేశాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతుంది. అది పూర్తిగా ఆగేదాకా ముక్కలు తీయొద్దు.

చర్మం తగలగానే బ్లేడును ఐదు మిల్లీసెకన్లలో ఆపే సాస్టాప్ లాంటి మిషన్లు అమెరికాలో దొరుకుతాయి. అక్కడ టేబుల్ సా గాయాలతో ఏటా సుమారు 30 వేల మంది ఎమర్జెన్సీ విభాగాలకు వెళ్తున్నారని అంచనా. ధర చూస్తే మన చిన్న షాపులకు అవి ఇప్పట్లో అందేవి కావు.

వేలు తెగితే?

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీ పొడి వేయొద్దు. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతికట్టి, ఆ కవర్‌ను ఐసులో ఉంచాలి. ముక్కను నేరుగా ఐసులో వేస్తే కణాలు దెబ్బతింటాయి. 108కు ఫోన్ చేసి, వేలు అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఎక్కడ అందుబాటులో ఉన్నారో ముందే కనుక్కోవాలి. ఈ ఆపరేషన్ అన్ని ఆసుపత్రుల్లో చేయరు.

డబ్బులు ఎవరిస్తారు?

పది మంది లేని షాపుకు సాధారణంగా ఈఎస్ఐ ఉండదు. కానీ కరెంటు మిషన్లతో తయారీ పని జరిగే చోట పనివారి సంఖ్యతో నిమిత్తం లేకుండా యజమాని పరిహారం ఇవ్వాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఈ హక్కు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది: నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో హెచ్చించి, అందులో అంగవైకల్య శాతం తీస్తారు. 2020 నుంచి ఉన్న పరిమితి ప్రకారం జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది రూ.15,000 దాకానే. 30 ఏళ్ల వ్యక్తికి ఆ అంకె 207.98. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, అంటే రూ.5,61,546. చూపుడు వేలైతే 14 శాతం, సుమారు రూ.2.62 లక్షలు. వైద్య ఖర్చులు వేరు. రెండేళ్లలోపు కార్మిక శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. ఆసుపత్రి కాగితాల్లో "పనిలో ఉండగా మిషన్ వల్ల" అని రాయించుకోవడం మరవొద్దు.

మెలిక ఒకటుంది. యజమాని గార్డు ఏర్పాటు చేసినా, తెలిసి తెలిసి పనివాడే దాన్ని తీసేస్తే, ప్రాణం పోయినా లేదా పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా తప్ప యజమాని బాధ్యత ఉండదని చట్టం చెబుతోంది. వేలు పోవడం ఆ మినహాయింపులోకి రాదు. అసలు గార్డే ఇవ్వని యజమాని మాత్రం ఈ వాదన చేయలేడు. కాబట్టి గార్డు లేని మిషన్ మీద పని చేయమంటే, గార్డు కావాలని అడిగినట్టు ఒక వాట్సాప్ మెసేజ్ అయినా ఉండటం మంచిది.

సొంత షాపులో తానే పనిచేసే వడ్రంగికి ఈ పరిహారం రాదు. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అనుకోవచ్చు. అందులో పాక్షిక వైకల్యానికి రూ.లక్ష ఇచ్చేది ఒక కన్ను, చెయ్యి లేదా కాలు పూర్తిగా పనికిరాకుండా పోతేనే. వేలికి రాదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం ఉంది. కామన్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవాలి, కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రాథమిక శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15,000 విలువైన ఈ-వోచర్, 5 శాతం వడ్డీకి తొలి విడతగా రూ.లక్ష దాకా రుణం వస్తాయి. తిరగేసిన కట్టర్‌ను పక్కనపెట్టి గార్డు, రివింగ్ నైఫ్ ఉన్న మిషన్ కొనాలనుకునేవాళ్లకు ఆ రుణం అక్కరకొస్తుంది.