మహాసంస్థల పంచ విడిచి

మన ఉత్తరములను, ఛాయాచిత్రములను, లెక్కల పత్రములను ఒకటి రెండు మహాసంస్థల సర్వర్లలో దాచుకొనుట ఎంత సహజమైపోయినదనగా, ఆ ఉచితసేవకు మూల్యముగా మన అభిరుచులు ప్రకటనల వ్యాపారమునకు ఉపకరించుచున్నవన్న సంగతియే మనకు స్ఫురింపదు. ఈ పరాధీనతను సహింపక, ఫ్రాన్సు దేశమున ఫ్రామాసాఫ్ట్ అను లాభాపేక్ష లేని సంఘము 2014లో ఒక ఉద్యమము నారంభించి, ఎవరైనను పరిశీలించి సవరించుకొనదగిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును తన సర్వర్లపై నిలిపి, పలువురు కలసి వ్రాయు పత్రములు, సమావేశ తేదీల నిర్ణయము మొదలగు 30కి పైగా సేవలను, ప్రధానముగా ప్రజల విరాళములతోనే, క్రమముగా సమకూర్చినది.

నాకు మిక్కిలి గౌరవము కలిగించునది దాని తరువాతి నడవడి. జనులెల్లరును తన యొద్దకే చేరినచో తానును మరియొక మహాకేంద్రమగునని గ్రహించి, 2016లో ఇట్టి సేవలనే అందించు చిన్న సంఘముల కూటమి నొకదానిని నెలకొల్పి, 2019లో తన సేవలలో పెక్కింటిని క్రమముగా మూసివేయుదునని ప్రకటించినది. బలము చేకూరిన పిదప దానిని పంచిపెట్టుటకు సిద్ధపడు సంస్థలు అరుదు.

ఇట్టి సేవలలో నిల్వస్థలము తక్కువ. నడపువారిలో స్వచ్ఛంద సేవకులే పెక్కురు. కావున పాఠకులారా, ముందు మీ సమాచారమునకు ప్రతి తీసికొని, ఒక్క సేవతో మార్పు నారంభింపుడు. దానిని నడపు సంఘమునకు యథాశక్తి విరాళ మిండు.