నాయిన చేతికర్రకు లక్క పాలిష్

మా షోలాపూర్ ఇంట్ల తలుపు వెనక నాయిన చేతికర్ర ఉంది. మిల్లు పని మానినంక ఆయన అది పట్టుకునే తిరిగిండు. ఇప్పుడు ఆయన లేడు. పిడి దగ్గర చెమటకు నల్లబడి, పాత మెరుపంతా పోయింది. పారేయబుద్ధి కాలేదు. నేనే పాలిష్ పెట్టిన. ఒక పొరపాటూ చేసిన. అది మీరు చేయొద్దనే ఈ మాటలు.

వడ్రంగులు దీన్ని ఫ్రెంచ్ పాలిష్ అంటరు. పేరు పరదేశీదైనా సరుకు మనదే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురే లక్క. జార్ఖండ్‌లో ఎక్కువ పండిస్తరు. దాన్ని శుభ్రం చేసి పలుచని రేకులుగా తీస్తే చపడా అయితది.

100 గ్రాముల చపడాను అర లీటరు పాలిష్ స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. గాజు సీసానే వాడాలి, ఇనుప డబ్బాలో నల్లబడతది. నెలల తరబడి నిలవుంచిన పాలిష్ సరిగా ఆరదు, జిగటగానే ఉంటది.

పిడిని ముందు 120, తర్వాత 220 నంబరు ఉప్పు కాగితంతో చెక్క గీతల పొంటి రుద్దాలి. దూది ముద్దను పాత నూలు బట్టలో చుట్టి, పాలిష్‌లో ముంచి పిండాలి. చెయ్యి ఆపకుండా రాయాలి, ఆగిన కాడ బట్ట అంటుకుంటది. పావుగంట, ఇరవై నిమిషాలల్ల పూత ఆరుతది. సన్న కాగితంతో తేలికగా రుద్ది మళ్ళీ పూయాలి. ఆరేడు పూతలకు అద్దంలా వస్తది.

నేను ముసురు పట్టిన రోజు మొదలుపెట్టిన. గాలిలోని తేమ పట్టి పూత తెల్లగా పొగచూరినట్టయింది. ఎండ కాసిన రోజు కొంచెం స్పిరిట్ తడిపిన బట్టతో పైపైన తుడిస్తే తెలుపు పోయింది. అది చిన్న సంగతి.

పెద్ద పొరపాటు వేరే. వాన అని ఖోలీలోనే కూసున్న. పక్కనే స్టవ్ మీద చాయ్. మా ఆమె వాసన పట్టి చటుక్కున స్టవ్ బంద్ చేసి తలుపులు తెరిచింది. పూత తొందరగా ఆరుతుందంటే స్పిరిట్ అంతా గాలిలో కలుస్తున్నట్టే. ఆ ఆవిరి కంటికి కనపడదు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటది. అందుకే ఈ పని వాకిట్లోనే చేయాలె, బీడీ కూడా దగ్గర ఉండొద్దు.

ఇంకో మాట. పాలిష్ స్పిరిట్ విషం. తాగితే కండ్లు పోతయి, ప్రాణం పోతది. నీళ్ళ సీసాలో పోసి పెట్టొద్దు, పిల్లలకు అందనియ్యొద్దు.

కొందరు మెరుపుకు అవిసె నూనె చుక్క వేస్తరు. ఆ నూనె బట్టను ఉండజుట్టి మూలకు పడేస్తే దానంతటదే వేడెక్కి రాజుకుంటది. నూనె పట్టిన దూది సంగతి మిల్లుల పనిచేసినోళ్ళకు చెప్పేదేముంది! పరిచి ఆరబెట్టాలి.

పిడి మీద నాయిన బొటనవేలు అరగదీసిన గుంట ఒకటుంది. దాన్ని మాత్రం రుద్ది చదును చేయలేదు. దాని మీదనే పూసిన. ఇప్పుడు పిడంతా మెరుస్తది, చెయ్యి పెడితే గుంట వేలికి తగులుతది.