కాలు బెణికితే తోమకండి

కబడ్డీలో కాలు మడతపడితే మన హాస్టల్లో నలుగురూ చేరి నూనె రాసి తోమేస్తారు. "బెణుకేరా, లే" అంటారు. అక్కడే ప్రమాదం. హైస్కూలు వయసులో ఎముక పెరిగే చివరి భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. కీలును పట్టి ఉంచే లిగమెంట్ కంటే ముందు అదే దెబ్బతినవచ్చు. పట్టించుకోకపోతే ఒక్కోసారి కాలు వంకరగా పెరుగుతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, ఆట ఆపించండి. గుడ్డలో ఐసు చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. మొదటి 2–3 రోజులు తోమడం, కాపడం వద్దు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక నొక్కితే నొప్పెట్టినా వార్డెన్ గారికి చెప్పి ఎక్స్‌రే తీయించాలి. జట్టులోంచి పేరు తీసేస్తారని నొప్పి దాచేవాళ్లుంటారు. వాళ్లను మాటతో నమ్మకండి, నడిపించి చూడండి.